పేరు మార్చాను, తప్పు అలాగే ఉంది

మా పెదనాన్న కూతురు, నాకు అక్క, ఇరవై ఏళ్ళుగా స్టోరేజీ సాఫ్ట్‌వేర్ పనిలో ఉంది. ఫైల్ సిస్టమ్‌లు, వాటి కింద డిస్కుతో మాట్లాడే కోడ్, అదే తన లోకం. తను రాసేదానికన్నా ఇతరులు రాసింది చదివి మంచిచెడ్డలు చెప్పేదే ఎక్కువ. నేనూ ఆ దారే పట్టి నాలుగేళ్ళయింది. కిందటి నెల మా ల్యాబ్‌లో నేను రాసిన కోడ్ వల్ల డేటా పోయింది. పరీక్ష కోసం పెట్టిన డేటాయే, ఎవరి సొమ్మూ పోలేదు. అయినా రెండు రాత్రులు నిద్రపట్టలేదు. ఆ కోడ్ రివ్యూలో ఆరుసార్లు తిరిగింది. ముప్ఫైకి పైగా వ్యాఖ్యలు వచ్చాయి. అందరూ సరేనన్నాకే లోపలికి వెళ్ళింది. ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. మా మధ్య నడిచిన మాటలు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

నేను: చూడక్కా ఇవన్నీ. ఇక్కడ ట్యాబ్ బదులు స్పేసులున్నాయట. ఇక్కడ లైను పొడుగైందట. ఈ బ్రాకెట్ పై లైన్లోకి రావాలట. ఈ వేరియబుల్ పేరు మార్చాలట. నాలుగు సరిచేసి పంపితే ఇంకో నాలుగు వచ్చేవి. ఆరోసారికి దాటింది. పదిహేను రోజులకి, రాత జరుగుతుండగా కరెంటు తీసేసే పరీక్ష పెట్టారు. రాసేశామని పైకి చెప్పిన డేటా, మెషీన్ మళ్ళీ లేచాక లేదు. ముప్ఫై వ్యాఖ్యల్లో ఒక్కటైనా ఆ తప్పు జోలికి వెళ్ళలేదు.

అక్క: ఒక్కటీ వెళ్ళలేదా? అన్నీ చదివే అంటున్నావా?

నేను: ఒకటికి నాలుగుసార్లు చదివాను. అందుకే ఒళ్ళు మండుతోంది. స్పేసు తప్పు పట్టుకోడానికి అర నిమిషం చాలు. కోడ్ ఏం చేస్తోందో అర్థం కావాలంటే గంట కూర్చోవాలి. ఆ గంట ఎవరూ కూర్చోలేదు. పైకి చూస్తే పెద్ద రివ్యూ జరిగినట్టుంటుంది. ఇల్లంతా అలికి ముగ్గులు పెట్టారు, దొడ్డి తలుపు మాత్రం తీసే ఉంది.

అక్క: స్పేసుల సంగతి నాతో వాదించనక్కర్లేదు, నేను నీ పక్షమే. లినక్స్ కెర్నల్‌లో దానికో స్క్రిప్ట్ ఉంది, చెక్‌ప్యాచ్ అని, 2007 నుంచీ ఉంది. ప్యాచ్ పంపేముందు ఎవరికి వాళ్ళు నడుపుకోవాలి. మనిషి కళ్ళకి ఆ పని పెట్టడం నాకూ నచ్చదు. నేనైతే అలాంటి వ్యాఖ్య రాయడం మానేసి చాలా ఏళ్ళయింది. స్క్రిప్ట్ నడిపి పంపమని ఒక్క ముక్క రాస్తాను, అంతే.

నేను: అయితే శైలి రివ్యూ అనేదే వద్దంటావా?

అక్క: అలా అన్లేదే. మెషీన్ చేయగలిగింది మెషీన్‌కి వదిలెయ్యమన్నాను. మిగిలేదే అసలు శైలి.

నేను: ఏం మిగులుతుందక్కా? ట్యాబ్ అంటే ఎనిమిది గడులు. లైను ఎనభై అక్షరాలు దాటకూడదు అన్నారు ఇన్నేళ్ళూ. 2020లో చెక్‌ప్యాచ్ ఆ ఎనభైని వందకు పెంచింది. పెంచినందుకు ఒక్క డిస్కైనా పాడైందా? అంతకుముందు ఎనభై ఉన్నందుకు ఒక్కటైనా బాగుపడిందా?

అక్క: ఎనభై సంగతి పోనీ. ఎనిమిది గడుల ట్యాబ్ ఎందుకు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించావా? ఇఫ్ లోపల ఇఫ్, దాని లోపల లూప్, మళ్ళీ ఇఫ్ అని రాసుకుంటూ పోతే కోడ్ స్క్రీన్ కుడి అంచుకి తోసుకుపోతుంది. మూడు మెట్లు దాటి లోపలికి దిగావంటే ముందు నీ ప్రోగ్రామ్‌ని బాగుచేసుకో అని కెర్నల్ శైలి నియమాల పత్రంలోనే ఉంది. చూడ్డానికి అది అందం గురించిన నియమంలా ఉంటుంది. నిజానికి ఒక ఫంక్షన్ తలలో ఎన్ని షరతులు మొయ్యవచ్చో చెప్పే నియమం అది.

నేను: అలా వ్యాఖ్యానిస్తూ పోతే ప్రతి కామాకీ ఒక భాష్యం చెప్పొచ్చు.

అక్క: సరే, భాష్యం వద్దు. జరిగిందే చెబుతాను. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ తెలుసుగా.

నేను: తెలుసు. ఎస్‌జీఐ వాళ్ళ ఐరిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 1990లలో పుట్టింది. తర్వాత లినక్స్‌కి వచ్చింది.

అక్క: వచ్చేటప్పుడు పుట్టింటి అలవాట్లు కూడా తెచ్చుకుంది. ఐరిక్స్‌లో ఫంక్షన్ విఫలమైతే ఎర్రర్ నంబర్‌ని ప్లస్‌లో తిరిగి ఇస్తారు. డిస్కు మొరాయిస్తే 5, చోటు లేకపోతే 28. లినక్స్ కెర్నల్‌లో అదే మైనస్ 5, మైనస్ 28. ఏది మంచిది అంటే ఏం చెబుతాం? రెండూ అలవాట్లే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ లోపలంతా ప్లస్, పైనున్న కెర్నల్ అంతా మైనస్. రెండూ కలిసే సరిహద్దులో ప్రతిచోటా ఒక మైనస్ గుర్తు పెట్టుకోవాలి. ఎన్నో చోట్ల, ఎన్నో ఏళ్ళు, మనుషులు గుర్తుపెట్టుకుని మరీ పెట్టాలి.

నేను: ఎక్కడో మర్చిపోతారు.

అక్క: మర్చిపోయారు కూడా. ఇప్పుడు నువ్వు చెప్పు. రైట్ చేసే దారిలో ఆ మైనస్ మర్చిపోతే ఏమవుతుంది?

నేను: రైట్ చేస్తే ఎన్ని బైట్లు రాశామో ప్లస్‌లో వస్తుంది... డిస్కు మొరాయించింది అన్న 5 కాస్తా, అయిదు బైట్లు రాశాం అని పైకి వెళుతుంది.

అక్క: చోటు లేదన్న 28, ఇరవై ఎనిమిది బైట్లు రాశామన్న మాట అవుతుంది. కంపైలర్ కిక్కురుమనదు. రెండూ పూర్ణాంకాలే కదా. చివరికి 2014లో డేవ్ చిన్నర్ కూర్చుని ఎక్స్‌ఎఫ్‌ఎస్ మొత్తం గుర్తులు తిప్పేశాడు. 3.17 కెర్నల్ నుంచీ లోపలా బయటా ఒకటే మైనస్. కొత్త సౌకర్యం ఒక్కటి లేదు, వేగం పెరగలేదు. అంత పెద్ద ప్యాచ్ చదవమంటే నీబోటివాళ్ళు ఏమంటారు? ఉత్త శైలి ప్యాచ్ అంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కథ నాకు అంతకుముందే తెలుసు. కానీ 5 అనే ఎర్రర్ అయిదు బైట్లుగా మారడం నా నోటితో నేను అనేదాకా, దాని పదును నాకు తగల్లేదు. డిస్కు చచ్చిపోతూ చెప్పిన చివరి మాటని పైనున్నవాడు జమగా రాసుకోవడం కన్నా ఘోరం ఈ వృత్తిలో లేదు. అయినా అప్పుడే తగ్గడం నాకు ఇష్టం లేకపోయింది.

నేను: అక్కా, నువ్వు గట్టు జరుపుతున్నావు. ఎర్రర్ ప్లస్‌లో ఇవ్వాలా మైనస్‌లో ఇవ్వాలా అన్నది శైలి కాదు, డిజైన్. ఫంక్షన్ పిలిచేవాడికీ, పిలిపించుకునేవాడికీ మధ్య ఒప్పందం. పనికొచ్చినవన్నీ శైలి ఖాతాలో వేసి, పనికిరానివి మెషీన్ ఖాతాలో వేస్తే నువ్వే గెలుస్తావు.

అక్క: ఐరిక్స్‌లో ఉన్నప్పుడు అది శైలే. అక్కడ అందరూ ప్లస్సే రాశారు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రెండు ఇళ్ళు ఒకటైనప్పుడు అదే డిజైన్ అయి కూర్చుంది. కోడ్‌లో మార్పేమీ లేదు, దాన్ని నమ్మేవాళ్ళు మారారు. గట్టు నేను జరపలేదు, అదే జరుగుతుంది. అందుకే నాకు శైలి మీద ఇంత పట్టుదల.

నేను: పట్టుదలతో అన్నీ ఆగుతాయా? జెడ్‌ఎఫ్‌ఎస్ తీసుకో. అదీ ఫైల్ సిస్టమే, సన్ వాళ్ళ ఇంట పుట్టిన కోడ్. పేర్లు చక్కగా ఉంటాయి, శైలి తనిఖీ ఎప్పటినుంచో ఉంది, ప్రతి బ్లాక్‌కి చెక్‌సమ్ ఉంది. 2023లో ఏమైంది? ఫైలు రాసిన మరుక్షణం కాపీ చేస్తే, కాపీలో కొన్నిచోట్ల సున్నాలు. ఎర్రర్ లేదు, చెక్‌సమ్ తప్పలేదు. ముందు అందరూ 2.2.0లో కొత్తగా వచ్చిన బ్లాక్ క్లోనింగ్ మీద నింద వేశారు. 2.2.1లో దాన్ని ఆపేశారు కూడా. తీరా తవ్వితే ఆ తప్పు ఏళ్ళ తరబడి అక్కడే ఉంది.

అక్క: ఆ ఫంక్షన్ గుర్తుంది. ఈ ఫైల్లో ఇంకా డిస్కుకి చేరని మార్పులున్నాయా అని అడిగే ఫంక్షన్.

నేను: పేరు చూడు ఎంత బాగుందో. డీనోడ్ ఈజ్ డర్టీ. డర్టీయా కాదా, అంతే. నీ లెక్కన రివ్యూలో నూటికి నూరు మార్కులు. లోపల చేసేది మాత్రం, ఆ ఫైలు డర్టీల జాబితాలో ఉందా అని చూడటం. ఒక జాబితా నుంచి తీసి పని చేస్తున్న ఆ కాస్త వ్యవధిలో ఫైలు జాబితాలో ఉండదు, దాని మార్పులు మాత్రం ఇంకా డిస్కుకి చేరి ఉండవు. సరిగ్గా అప్పుడే కాపీ కమాండ్ వచ్చి, డేటా ఎక్కడుంది, ఖాళీ ఎక్కడుంది అని అడిగితే, ఇది డర్టీ కాదు, డిస్కు మీద ఉన్నదే నిజం అని జవాబు. డిస్కు మీద ఇంకా ఏమీ లేదు కాబట్టి అంతా ఖాళీ. చివరికి ఆ షరతులో ఇంకో ముక్క కలిపారు, మార్పుల చిట్టా కూడా ఖాళీయో కాదో చూడమని. ఇన్నేళ్ళు, ఇన్ని కళ్ళు, ఇంత మంచి పేరు. ఏం లాభం?

అక్క కాసేపు మాట్లాడలేదు.

అక్క: నిజమే. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. మంచి పేరుకి ఆ చెడ్డ గుణం ఉంది. పేరు చూసి నమ్మేస్తాం, తలుపు తీసి లోపల చూడం. నేతి బీరకాయలో నెయ్యి ఉందనుకున్నట్టే. నేనే ఆ ఫంక్షన్‌ని పిలిచే కోడ్ రివ్యూ చేసి ఉంటే, పిలిచిన చోట పేరు చదివి ముందుకి వెళ్ళిపోయేదాన్ని.

నేను: ఇంకోటి చెప్పనా? అదే ఏడాది డిసెంబర్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. లినక్స్ 6.1.64 కెర్నల్.

అక్క: డెబియన్ 12.3 ఆగిపోయిన రోజు.

నేను: అవును. డైరెక్ట్ రైట్‌ల మీద వచ్చిన ఒక ప్యాచ్‌ని పాత కెర్నల్‌కి తెచ్చారు. కొత్త కెర్నల్‌లో అది సరైనదే. దానికి జోడీగా ఇంకో ప్యాచ్ ఉంది, ఐఓమ్యాప్‌లో. ఆ రెండోది పాత కెర్నల్‌కి రాలేదు. ఫైల్లో ఎక్కడిదాకా రాశామన్న గుర్తు లెక్క తప్పింది, డేటా పాడైంది. డెబియన్ వాళ్ళు 12.3 విడుదల నిలిపేసి, సరిచేసిన కెర్నల్‌తో 12.4 అని ఇచ్చారు. ఇందులో ఏ లైనుకి శైలి తప్పుందో చూపించు. ఏ పేరు అబద్ధమాడిందో చెప్పు. రెండు ప్యాచ్‌లూ విడివిడిగా చూస్తే ముత్యాల్లా ఉన్నాయి.

అక్క: ఏ పేరూ అబద్ధమాడలేదు. అక్కడ శైలి ఏమీ చెయ్యలేదు. ఒప్పుకుంటున్నాను. కమిట్ మెసేజ్‌లో, ఇది ఫలానాదాని తర్వాతే పనిచేస్తుంది అని ఒక్క వాక్యం ఉండుంటే పట్టుబడేదేమో అనాలనిపిస్తోంది. కానీ అదంతా తర్వాత పుట్టే తెలివి. రాసినవాడికి అప్పుడు ఆ ఆధారం ఉందని తట్టాలి కదా.

నేను: మరి?

అక్క: మరి ఏముంది, నువ్వు రెండు చెప్పావు, నేను ఒకటి చెప్పాను. లెక్కలు వేసుకుంటే తేలేది కాదిది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో లినక్స్‌లోని ఆరు ఫైల్ సిస్టమ్‌ల ఎనిమిదేళ్ళ మార్పులు చదివారు, 5079 ప్యాచ్‌లు. దాదాపు సగం కోడ్‌ని సర్దుకునేవే. అంటే ఈ కోడ్‌లో వచ్చే మార్పుల్లో దాదాపు సగం, రేపు చదివేవాడి కోసం చేసేవే. అది తప్పించుకోలేం. ఏ సగాన్ని ఎవరు ఎలా చదువుతున్నారన్నదే నాకు కావాలి. సరే, నీ ప్యాచ్ తియ్యి. పోయిన డేటా దగ్గరికి వద్దాం.

లాప్‌టాప్ తిప్పి ఇచ్చాను. మూడు ప్యాచ్‌ల వరస అది. డిస్కు మీద మొదట ఒక లాగ్‌లో రాసి, తర్వాత అసలు చోట రాసి, ఆపైన లాగ్‌లో ఆ ముక్కని వదిలెయ్యడం, అదీ పని. మా పెదనాన్నకి వడ్లమిల్లు ఉండేది. చిట్టాలో ఏరోజుకారోజు రాసుకుని, తీరికగా ఆవర్జాలో పద్దుల కింద ఎక్కించేవాడు. ఆవర్జాలో ఎక్కాక గానీ చిట్టా పుస్తకం అటక మీదికి వెళ్ళేది కాదు. అక్క ఆ పుస్తకాల మధ్య పెరిగింది. నా కోడ్‌ని తను అలాగే చదివింది, వేలు స్క్రీన్ మీద పెట్టి, ఒక్కో లైను పైకి అంటూ.

అక్క: ఇక్కడ రైట్ పంపావు. ఇది రైట్ పూర్తయినప్పుడు డిస్కు పిలిచే ఫంక్షన్. ఇందులో ఒక జెండా ఎత్తావు, ఐఓ డన్ అని. కింద, మూడో ప్యాచ్‌లో, ఐఓ డన్ అయితే లాగ్ టెయిల్ ముందుకి జరుపు అన్నావు. అంటే చిట్టాలో ఆ పేజీ చించెయ్ అని. ఈ జెండా పేరు మొదటినుంచీ ఇదేనా?

నేను: కాదు. మొదట ‘కమిటెడ్’ అని పెట్టాను. రివ్యూలో పేరు మార్చమన్నారు. ఐఓ డన్ అని మార్చాను. చెప్పాగా, అలాంటివే ముప్ఫై.

అక్క: ఆ వ్యాఖ్య చూపించు.

చూపించాను. ఒకే ముక్క ఉంది అందులో. ఈ పేరు మార్చండి, అంతే. దానికి నా జవాబు ఇంకా చిన్నది. మార్చాను.

అక్క: ఒరేయ్, ఇదేరా నీ ముప్ఫైలో అసలుది.

నేను: పేరు మారిస్తే డేటా వస్తుందా అక్కా?

అక్క: డిస్కు రైట్ పూర్తయింది అని చెప్పిందంటే ఏమిటి అర్థం?

నేను: డిస్కు తీసుకుంది అని.

అక్క: ఎక్కడికి తీసుకుంది?

చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. డిస్కుకి తనదంటూ ఒక చిన్న జ్ఞాపకం ఉంటుంది, రైట్ క్యాష్. రాయమన్నది ముందు అందులో పెట్టుకుని, పూర్తయింది అనేస్తుంది. కరెంటు పోతే అందులోది పోతుంది. నిలవాలంటే విడిగా ఫ్లష్ అని ఆజ్ఞ ఇవ్వాలి, లేదా ఆ రైట్‌కే ఎఫ్‌యూఏ అనే గుర్తు తగిలించాలి, ఇది నేరుగా లోపలి పళ్ళెం మీదికి పోవాలని. ఇది స్టోరేజీ పనిలో ఓనమాలు. నాకు తెలీక కాదు. ఆ లైను దగ్గర నాకు తట్టలేదు.

అక్క: నాన్న మిల్లులో గుమాస్తాకి నోటితో లెక్క చెప్పడం వేరు, గుమాస్తా దాన్ని ఆవర్జాలో ఎక్కించడం వేరు. గుమాస్తా ‘సరేనండి’ అన్నాడని నువ్వు చిట్టా చించేశావు. నువ్వు ‘కమిటెడ్’ అని పేరు పెట్టుకున్నావు కాబట్టి నీకే అది ఎక్కేసినట్టు అనిపించింది. మూడో ప్యాచ్ రాసేనాటికి నీ పేరుని నువ్వే నమ్మావు.

నేను: కానీ పేరు మార్చాను కదా. ఐఓ డన్ అన్నది అబద్ధం కాదు. ఐఓ నిజంగానే అయింది.

అక్క: అదే నేను చెప్పేది. మార్చాక పేరు నిజం చెప్పింది. ఇప్పుడు ఈ లైను చదువు. ‘ఐఓ అయితే చిట్టా చించెయ్.’ ముందు ‘కమిటెడ్ అయితే చించెయ్’ అన్నప్పుడు ఎంత సబబుగా ఉందో, ఇప్పుడు అంత తప్పుగా వినిపిస్తోంది కదా? పేరు మారగానే తప్పు బట్టబయలైంది. ఆ లైను వీధిలో నిలబడి అరుస్తోంది. కానీ ఎవరూ మళ్ళీ చదవలేదు. నువ్వు వెతికి మార్చే కమాండ్‌తో అన్నిచోట్లా ఒకేసారి మార్చేసి ఉంటావు.

నేను: అవును.

అక్క: రివ్యూ చేసినవాళ్ళు అయిదో రూపానికీ ఆరో రూపానికీ మధ్య తేడా ఒక్కటే చూసి, పేర్లు మారాయి అని సరే అనుంటారు. నువ్వూ, వాళ్ళూ దాన్ని శైలి వ్యాఖ్య అనుకున్నారు. అందుకే పోయింది.

నాకు కోపం వచ్చింది. తన మీద కాదు.

నేను: అంటే ఆ వ్యాఖ్య రాసినాయనకి తప్పు కనిపించింది. కనిపించి, ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. ఎందుకు మార్చాలో ఒక్క వాక్యం రాయొచ్చు కదా? ‘ఇక్కడ డేటా ఇంకా డిస్కు క్యాష్‌లోనే ఉంది’ అని. ఆ ఒక్క వాక్యం ఉంటే నేను ఆ క్షణమే లేచి కూర్చునేవాణ్ణి.

అక్క: కనిపించిందని నేననుకోను. ఏదో తేడాగా తగిలుంటుంది. ఏళ్ళ తరబడి చదివిన కంటికి అలా తగులుతుంది, కారణం వెంటనే తెలీదు. అక్కడ ఆగి, నాకెందుకు తేడాగా ఉంది అని తనని తను అడగాలి. ఆ పది నిమిషాలు ఆయన ట్యాబ్‌ల మీద ఖర్చుపెట్టాడు. ఈ ఒక్క విషయంలో నీ కోపంలో నాకూ వాటా ఉంది. ముప్ఫై నలుసుల మధ్య రాయి కలిపి పోస్తే, ఏరేవాడు రాయిని కూడా నలుసే అనుకుంటాడు. నేను కూడా ఇలాంటి వ్యాఖ్యలు రాశాను, పేరు మార్చు అని, కారణం లేకుండా. ఎన్ని రాశానో తలుచుకుంటే భయంగా ఉంది.

నేను: ఈ మాటల తికమక నా ఒక్కడిదేనా?

అక్క: నీ ఒక్కడిదే అయితే బాగుండేది. కెర్నల్‌లోనే బ్యారియర్ అని ఒకటుండేది. ఆ ఒక్క మాటకి రెండు అర్థాలు. ముందువి ముందు, వెనకవి వెనక అనే వరస ఒకటి. డిస్కు మీద నిలిచిపోవడం ఇంకొకటి. ఏ ఫైల్ సిస్టమ్ ఏ అర్థంతో వాడుతోందో కింద కోడ్‌కి తెలీదు. అందుకని రెండూ చెయ్యాల్సి వచ్చేది, క్యూ మొత్తం ఖాళీ చేసి, ఫ్లష్ చేసి, మళ్ళీ నింపి. 2.6.37లో ఆ మాటే తీసేశారు. నిలవాలంటే ఫ్లష్, ఎఫ్‌యూఏ అని అడుగు. వరస కావాలంటే ముందుది పూర్తయ్యేదాకా నువ్వే ఆగు. ఒక్క పేరుని విడగొడితే డిజైన్ మారింది, వేగమూ పెరిగింది. ఇప్పుడు చెప్పు, అది శైలా, డిజైనా?

నేను జవాబు చెప్పలేదు. లాప్‌టాప్ నా వైపు లాక్కుని కోడ్ మొదలుపెట్టాను. రైట్ పూర్తయ్యాక ఫ్లష్ పంపాలి. ఫ్లష్ పూర్తయ్యాకే లాగ్ టెయిల్ జరపాలి. జెండా ఒకటి సరిపోదు, స్థితులు మూడు కావాలి. ‘డిస్కు తీసుకుంది’ ఒకటి. ‘ఫ్లష్ అడిగాం’ ఒకటి. ‘నిలిచింది’ ఒకటి. అక్క లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చింది. అప్పటికి ముప్ఫై లైన్లు అయ్యాయి. నిలబడే చదివింది.

అక్క: ఈ లేబుళ్ళు ఏమిటి? ఎర్ర్1, ఎర్ర్2?

నేను: విఫలమైతే గోటూతో దూకే చోట్లు.

అక్క: అంకెలు వద్దు. ఆ చోట ఏం చేస్తావో అదే పేరు పెట్టు. బఫర్ వదిలేసేది ఒకటి, లాక్ వదిలేసేది ఒకటి. మధ్యలో ఇంకో మెట్టు చేరిస్తే అంకెలన్నీ జరుగుతాయి. ఒకటి జరపడం మర్చిపోతే తీసుకోని లాక్ వదిలేస్తావు. చూశావా, శైలి వ్యాఖ్యే రాశాను. కారణంతో సహా.

నేను: సరే, రాశాను. చూడు.

అక్క: బాగుంది. ఫ్లష్ విఫలమైతే?

నేను: మళ్ళీ పంపుతాను. మూడుసార్లు ప్రయత్నించాక ఎర్రర్ పైకి.

అక్క: రెండోసారి విజయం అని వస్తే?

నేను: వస్తే మంచిదేగా, నిలిచినట్టే.

అక్క: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ళు కూడా 2018 దాకా అలాగే అనుకున్నారు. ఎఫ్‌సింక్ విఫలమైంది, మళ్ళీ పిలిచారు, విజయం అని వచ్చింది. చెక్‌పాయింట్ పూర్తయిందని ముందుకి వెళ్ళారు. కెర్నల్ ఏం చేసిందంటే, మొదటిసారి రాయలేకపోయిన పేజీల్ని శుభ్రంగా ఉన్నాయని గుర్తు పెట్టేసింది. రెండోసారి రాయాల్సింది ఏదీ మిగల్లేదు, అందుకే విజయం. డేటా ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ళుగా అందరూ ఆ ఫంక్షన్ పేరు చదివి, అర్థమైందనుకున్నారు. 2019లో వాళ్ళు ఎఫ్‌సింక్ విఫలమైతే సర్వర్‌నే కూల్చేసి లాగ్ నుంచి తిరిగి లేచేలా మార్చుకున్నారు. నీ ఫ్లష్ మొదటిసారి విఫలమైనప్పుడు డిస్కు తన క్యాష్‌లో ఉన్నదాన్ని ఉంచుకుందో పారేసిందో నీకు తెలుసా?

తెలీదన్నాను. మళ్ళీ ప్రయత్నించే లూప్ మొత్తం తీసేశాను. ఎనిమిది లైన్లు పోయాయి. వాటి బదులు, ఫ్లష్ విఫలమైతే చిట్టా చించకుండా అలాగే ఉంచి, కొత్త రైట్‌లు తీసుకోకుండా ఆపేసే దారి రాయడం మొదలుపెట్టాను. బయట చీకటి పడింది. అక్క దీపం వేసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఇప్పుడు స్థితులు మూడు కాదు, నాలుగు. నాలుగోదాని దగ్గర వేలు ఆగిపోయింది.

నేను: దీనికేం పేరు పెడదాం అక్కా? ‘ఫెయిల్డ్’ అంటే చాలదేమో.

అక్క: పేరు తర్వాత. ఈ లైను దగ్గర కరెంటు పోయిందనుకో. అప్పుడు లాగ్‌లో ఏముంటుంది, అసలు చోట ఏముంటుంది? రెండూ చెప్పు ముందు.